తెగిన మోకాలు ఆటకు సిద్ధమయ్యేదెప్పుడు?

నర్సీపట్నం చుట్టుపక్కల గొలుగొండ, నాతవరం, రోలుగుంట, మాకవరపాలెం ఎక్కడ కబడ్డీ ఆడినా ఎప్పుడో ఒకప్పుడు కళ్ళబడే సంఘటన ఇది. కాలేజీ జట్టులో కార్నర్ ఆడే కుర్రాడు, కూతకొచ్చినవాడి మడమ అందుకోవడానికి ఒక్క అంగలో వెనక్కి తిరుగుతాడు. ఎవరూ తగల్లేదు, ఎవరూ తొయ్యలేదు. మోకాల్లో టప్పుమని చప్పుడు వినిపిస్తుంది. కుర్రాడు కూలబడతాడు. గంటా రెండు గంటల్లో మోకాలు బాగా వాస్తుంది. ఎక్స్‌రే తీయిస్తే ఎముకలన్నీ నిక్షేపంగా ఉంటాయి. "బెణికిందంతే, కట్టు కట్టించు" అంటారు పెద్దలు.

మూడు వారాలకు వాపు దిగుతుంది. నెల తిరిగేసరికి నడక మామూలవుతుంది. రెండో నెలలో మైదానం చుట్టూ పరుగు కూడా తీస్తాడు. ఇంకేం, తగ్గిపోయిందని బరిలోకి దిగుతాడు. మొదటి మలుపులోనే మోకాలు జారి మళ్ళీ పడతాడు.

తిన్నగా పరుగెత్తగలిగిన కాలు పక్కకు తిరగ్గానే ఎందుకు జారింది? ఇంకో చిక్కు కూడా ఉంది. ఈలోగా కాలేజీకి కొత్త కోచ్ వచ్చాడనుకుందాం. అతను ఈ కుర్రాడి ఆట ఎన్నడూ చూడలేదు. ఎదుట ఉన్నది కుంటి నడక, మెడికల్ కాగితం. "ఇతనిలో ఇంకా ఆట మిగిలి ఉందా?" అన్నది అతని ప్రశ్న. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు మోకాలి లోపలే మొదలవుతుంది. కానీ అక్కడితో ఆగదు.

ఎక్స్‌రేలో కనిపించని గాయం

తొడ ఎముక కింది కొస, కింది కాలి ఎముక పై కొస కలిసే చోటే మోకాలు. ఈ రెండు ఎముకల చివర్లు ఒకదానిలో ఒకటి గట్టిగా ఇమిడిపోయేవి కావు. పైది గుండ్రంగా, కిందిది దాదాపు చదునుగా ఉంటాయి. వాటిని పట్టి ఉంచేవి లిగమెంట్లు, అంటే ఎముకను ఎముకకు కట్టి ఉంచే గట్టి పీచు కట్టలు. కీలు మధ్యలో రెండు లిగమెంట్లు ఒకదాన్నొకటి దాటుకుంటూ ఏటవాలుగా పోతాయి. వాటిలో ముందుది ఏసీఎల్. పొడవు మూడు సెంటీమీటర్ల పైచిలుకు, వెడల్పు ఒక సెంటీమీటరు. ఇంత చిన్నదే అయినా, యువకుల్లో అది తెగాలంటే సుమారు 2,160 న్యూటన్ల బలం కావాలని ప్రయోగాల్లో తేలింది. అంటే దాదాపు 220 కిలోల బరువు వేలాడదీసినంత.

ఈ లిగమెంట్ చేసే పనులు రెండు. కింది కాలి ఎముక ముందుకు జారిపోకుండా ఆపడం ఒకటి. కాలు నేలకు ఆనించి ఒళ్ళు తిప్పినప్పుడు ఆ ఎముక మెలిపడకుండా పట్టుకోవడం రెండోది. తిన్నగా నడిచేటప్పుడు రెండో పనితో పెద్దగా అవసరం పడదు. మొదటి పనిలో కొంత భారాన్ని తొడ వెనక కండరాలు మోస్తాయి. అందుకే ఏసీఎల్ పూర్తిగా తెగినవాడు కూడా నడుస్తాడు, సైకిలు తొక్కుతాడు, తిన్నగా పరుగు తీస్తాడు. ఒక్కసారి ఆగి పక్కకు తిరిగాడంటే మాత్రం మెలికను ఆపేవాడు లోపల లేడు. మోకాలు జారుతుంది. అలా జారినప్పుడల్లా రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ నలుగుతుంది, చిరుగుతుంది. మొదటి గాయం కంటే ఈ రెండోదే ఏళ్ళ తర్వాత కీళ్ళ అరుగుదలకు ఎక్కువగా దారి తీస్తుంది.

ఎక్స్‌రే ఎముకను చూపుతుంది గాని లిగమెంట్‌ను చూపదు. "ఎక్స్‌రే బాగుంది" అన్న మాటకు అర్థం ఎముక విరగలేదని మాత్రమే. తెగిందో లేదో తేల్చడానికి ఎముకల డాక్టరు చేతులతో చేసే పరీక్ష ఒకటుంది. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలిని ఇరవై ముప్పై డిగ్రీలు వంచుతారు. ఒక చేత్తో తొడను కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో పిక్క పైభాగాన్ని ముందుకు లాగుతారు. మంచి మోకాలైతే కొద్దిగా కదిలి, తాడు బిగిసినట్టు టక్కున ఆగుతుంది. తెగిన మోకాలు ఆగదు. మెత్తగా ముందుకు జారుతూనే ఉంటుంది. అనుభవమున్న చేతికి ఇది నిమిషంలో తెలుస్తుంది. ఆ తర్వాత ఎంఆర్ఐ తీయిస్తే మెనిస్కస్ సంగతి కూడా బయటపడుతుంది.

ఎవరూ తగలకుండానే ఎలా తెగుతుంది?

ఆటల్లో ఏసీఎల్ గాయాలు చాలావరకు మరొకరి దెబ్బ నేరుగా మోకాలికి తగలకుండానే జరుగుతాయి. వేగంగా వస్తూ ఒక్కసారి ఆగడం, పాదం నాటి దిశ మార్చడం, ఎగిరి ఒంటికాలిపై దిగడం, ఈ మూడే ప్రధాన కారణాలు. ఆ క్షణంలో మోకాలు దాదాపు తిన్నగా ఉండి, లోపలికి వాలి, ఒంటి బరువంతా దాని మీద పడుతుంది. ఆటల వీడియోలను కొలిచి చూసిన పరిశోధకులు, పాదం నేలకు ఆనిన సుమారు 40 మిల్లీసెకన్లకే లిగమెంట్ తెగుతోందని అంచనా వేశారు. ప్రమాదాన్ని పసిగట్టి కండరాలను బిగించడానికి మెదడుకు అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది. అంటే అప్పటికప్పుడు తప్పించుకునే అవకాశం లేదు. కాపాడేది ముందునుంచీ ఒంటికి పట్టిన అలవాటే.

బ్యాడ్మింటన్‌లోనూ ఇదే కథ. ఏసీఎల్ తెగిన 21 మంది ఆటగాళ్ళను 2010లో జపాన్ వైద్యులు పరిశీలించారు. పది మందికి కోర్టు వెనక భాగంలో తల మీదుగా కొట్టి ఒంటికాలిపై దిగినప్పుడు తెగింది. వారిలో తొమ్మిది మందికి రాకెట్ పట్టే చేతికి ఎదురువైపు మోకాలే దెబ్బతింది. కుడిచేతి ఆటగాడు ఎడమ మూలకు వెనక్కి వెళ్ళి కొట్టే దెబ్బ అది.

అమ్మాయిల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. ఒకే ఆట ఆడే అబ్బాయిలతో పోలిస్తే వారికి ఈ గాయం ముప్పు రెండు నుంచి ఎనిమిది రెట్లని వేర్వేరు అధ్యయనాలు చెబుతున్నాయి. కాళ్ళ అమరిక, హార్మోన్లు, ఎగిరి దిగే తీరు, సరైన శిక్షణ అందకపోవడం, ఇలా కారణాలు చాలా ఉన్నాయి. వీటిలో దిగే తీరునూ శిక్షణనూ మార్చడం మన చేతుల్లో పనే.

విరిగిన ఎముక అతుకుతుంది, ఇది ఎందుకు అతకదు?

ఎముక విరిగితే ఆ చోట నెత్తురు చేరి గడ్డకడుతుంది. ఆ గడ్డ మీదే కొత్త ఎముక అల్లుకుంటుంది. మోకాలి పక్కనున్న లిగమెంట్ తెగినా ఇలాగే చాలావరకు మానుతుంది. ఏసీఎల్ మాత్రం కీలు నడిమధ్యన, కీలు ద్రవంలో ఉంటుంది. తెగిన కొసల మధ్య నెత్తురుగడ్డ నిలవదు, ఆ ద్రవం దాన్ని కరిగిస్తుంది. పైగా దానికి నెత్తురు సరఫరా తక్కువ. వంతెన కట్టడానికి ఆధారమే ఉండదు కాబట్టి తెగిన కొసలు సాధారణంగా విడివిడిగానే మిగిలిపోతాయి. కొందరిలో శస్త్రచికిత్స లేకుండానే అతుక్కున్నట్టు ఎంఆర్ఐలో కనిపిస్తోందని ఇటీవలి పరిశోధనలు చెబుతున్నాయి. కానీ ఎవరికి అతుక్కుంటుందో ముందుగా చెప్పగలిగే పరిస్థితి ఇంకా రాలేదు.

తెగిన ప్రతివారికీ ఆపరేషన్ తప్పదనుకోవడం కూడా సరికాదు. స్వీడన్‌లో 121 మంది యువకులపై జరిపిన పరిశోధన 2010లో వెలువడింది. వెంటనే ఆపరేషన్ చేయించుకున్నవారు, ముందు వ్యాయామ చికిత్సతో మొదలుపెట్టి అవసరమైతేనే ఆపరేషన్‌కు వెళ్ళినవారు, రెండేళ్ళ తర్వాత దాదాపు ఒకే స్థితిలో ఉన్నారు. అయితే కబడ్డీ, ఫుట్‌బాల్, బ్యాడ్మింటన్‌లాంటి మలుపుల ఆటల్లో పోటీ స్థాయికి తిరిగి వెళ్ళాలనుకునేవారికి వైద్యులు ఎక్కువగా ఆపరేషనే సూచిస్తారు.

కొత్త లిగమెంట్ ఎదిగే తీరు

ఆపరేషన్‌లో తెగినదాన్ని కుట్టడం అరుదు. రోగి ఒంట్లోంచే, తొడ వెనక కండరాల కొసల నుంచో మోకాలిచిప్ప కింది నుంచో ఒక పీచు కట్టను తీస్తారు. ఎముకల్లో సొరంగాలు తొలిచి, పాత ఏసీఎల్ ఉన్న చోటే దాన్ని బిగిస్తారు. ఆపరేషన్ బల్ల మీద ఆ కట్ట గట్టిగానే ఉంటుంది. అసలు కథ ఆ తర్వాతే.

దీన్ని మన పెరట్లో బీరపందిరిలా ఊహించుకోవచ్చు. కొత్తగా బిగించిన కట్ట వెదురు పందిరి. నెత్తురు సరఫరా తెగిపోవడంతో అందులోని కణాలు మొదటి వారాల్లోనే చనిపోతాయి. మిగిలేది పీచు చట్రం మాత్రమే. తర్వాత చుట్టుపక్కల నుంచి సన్నని రక్తనాళాలు, కొత్త కణాలు తీగల్లా దాని మీదికి పాకుతాయి. పాత పీచును కొద్దికొద్దిగా కరిగించి కొత్త పీచును నేస్తాయి. ఇక్కడే ప్రమాదం ఉంది. వెదురు నాని బలం తగ్గే వేళకు తీగ ఇంకా ముదరదు. ఆపరేషన్ అయిన ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య కొత్త లిగమెంట్ అత్యంత బలహీనంగా ఉంటుందని వైద్యులు చెప్పేది ఇందుకే. సరిగ్గా అప్పుడే కుర్రాడికి నొప్పి పోతుంది, వాపు పోతుంది, "నాకేం కాలేదు" అనిపిస్తుంది. ఒంటికి తెలిసే హాయికీ లోపలి బలానికీ ఇంత దూరం ఉండే గాయాలు తక్కువ. తీగ ముదిరి పందిరి భారాన్ని తానే మోసే స్థితికి రావడానికి ఏడాది నుంచి రెండేళ్ళు పడుతుంది.

బాక్స్: ఆపరేషన్ తర్వాత నెలవారీగా

• మొదటి రెండు వారాలు: వాపు తగ్గించడం, మోకాలు పూర్తిగా చాచగలగడం. తొడ ముందు కండరాన్ని మళ్ళీ మేల్కొలపడం.

• మూడో వారం నుంచి మూడో నెల వరకు: నడక సరిదిద్దుకోవడం, సైకిలు, తొడ కండరాలకు బలం. లిగమెంట్ మెత్తబడే కాలం, దూకుడు పనికిరాదు.

• మూడు నుంచి ఆరు నెలలు: బలం పరీక్షలు నెగ్గాక తిన్నగా పరుగు. తర్వాత రెండు కాళ్ళ గెంతులు, ఒంటికాలి గెంతులు.

• ఆరు నుంచి తొమ్మిది నెలలు: దిశ మార్చడం, ఆగడం, తిరగడం. మొదట ముందే అనుకున్న మలుపులు, తర్వాత ఎదుటివాణ్ణి చూసి తిరిగే మలుపులు.

• తొమ్మిది నెలలు దాటాక: పరీక్షలన్నీ నెగ్గితే జట్టుతో పూర్తి సాధన, ఆ తర్వాతే పోటీ.

మెదడు కోల్పోయిన సమాచారం

ఏసీఎల్ తాడు మాత్రమే కాదు, కబురు పంపే సాధనం కూడా. మోకాలు ఎంత వంగింది, ఎటు మెలిపడుతోంది అని క్షణక్షణం వెన్నుపాముకూ మెదడుకూ చెప్పే నాడీ కొసలు అందులో ఉంటాయి. అది తెగినప్పుడు ఆ సమాచారమూ తెగిపోతుంది. కొత్త లిగమెంట్ బలంగా తయారైనా ఆ కబుర్లు పాత స్థాయిలో తిరిగి రావు.

దీని ఫలితం రెండు రకాలుగా కనిపిస్తుంది. మొదటిది, తొడ ముందు కండరం చిక్కిపోవడం. కీలు దెబ్బతినగానే నాడీ వ్యవస్థ ఆ కండరానికి ఆజ్ఞలు తగ్గిస్తుంది. కుర్రాడు ఎంత గట్టిగా బిగిద్దామన్నా పూర్తిగా బిగియదు. ఇది బద్ధకం కాదు, నాడీ మండలం విధించిన అడ్డు. టేపుతో రెండు తొడలనూ కొలిస్తే తేడా కళ్ళకు కడుతుంది.

రెండోది మరింత ఆసక్తికరం. ఏసీఎల్ ఆపరేషన్ అయినవాళ్ళు మోకాలు కదిపేటప్పుడు మెదడును, దాని పనితీరును చూపే ఎఫ్‌ఎంఆర్ఐ స్కాన్‌తో చూసిన పరిశోధకులకు, దృష్టికి సంబంధించిన భాగాలు మామూలు కంటే చురుగ్గా పనిచేస్తున్నట్టు కనిపించింది. మోకాలి నుంచి రావాల్సిన సమాచారం తగ్గడంతో మెదడు ఆ లోటును కంటితో పూడ్చుకుంటోందని వారి వివరణ. ఫిజియో గదిలో అద్దం ముందు బాగా గెంతిన కుర్రాడు బరిలో ఎందుకు తడబడతాడో దీన్నిబట్టి అర్థమవుతుంది. డిఫెండర్ కళ్ళు కూతకొచ్చినవాడి నడుము మీద, పాదాల మీద ఉండాలి. తన మోకాలిని కనిపెట్టుకోవడానికి కళ్ళు ఖాళీగా ఉండవు. కాబట్టి చివరి దశ సాధన కళ్ళను మరో పనిలో పెట్టి చేయించాలి. బంతి విసరడం, అంకె చూపించి చెప్పమనడం, ఎదుట మనిషిని పెట్టి ఎటు కదిలితే అటు తిరగమనడం, ఇవన్నీ అందుకే.

భయం సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. "మళ్ళీ తెగుతుందేమో" అన్న ఆలోచన ఉన్నవాడు ఆ కాలి మీద పూర్తి భారం వెయ్యడు, రెండో కాలిని అతిగా వాడతాడు. ఈ మానసిక సన్నద్ధతను కొలిచే ప్రశ్నావళి 2008 నుంచి వాడుకలో ఉంది. అందులో తక్కువ మార్కులు వచ్చినవారు ఆటకు తిరిగి వెళ్ళే అవకాశం తక్కువని పలు అధ్యయనాలు చూపాయి. భయం పిరికితనం కాదు, చికిత్స చేయాల్సిన గాయంలో అదీ ఒక భాగమే.

పుల్లెల గోపీచంద్: గాయం తర్వాతే వచ్చిన శిఖరం

అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో 1973లో పుట్టిన గోపీచంద్ హైదరాబాద్‌లో ఎస్.ఎం.ఆరిఫ్ దగ్గర బ్యాడ్మింటన్ నేర్చుకున్నారు. 1994లో పుణె జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతుండగా ఆయన మోకాల్లో ఏసీఎల్ తెగింది. ఇరవై ఏళ్ళ వయసు. ఒకటికి మించి ఆపరేషన్లు అవసరమయ్యాయి. మన దేశంలో క్రీడా వైద్యం అప్పుడప్పుడే కళ్ళు తెరుస్తున్న కాలం అది. ఆయన ఆట ముగిసిందని ఎవరైనా అనుకుంటే వారిని తప్పుపట్టలేం.

గోపీచంద్ బెంగళూరు చేరారు. ప్రకాశ్ పడుకోణె అకాడమీ మొదలైంది 1994లోనే. ప్రకాశ్ పర్యవేక్షణలోనూ, గంగూలీ ప్రసాద్ శిక్షణలోనూ ఆయన ఆట మళ్ళీ రూపు దిద్దుకుంది. 1996లో తొలిసారి జాతీయ చాంపియన్ అయ్యారు. అక్కడి నుంచి 2000 వరకు వరసగా ఐదేళ్ళు ఆ టైటిల్ ఆయనదే. 1998 కామన్వెల్త్ క్రీడల్లో సింగిల్స్ కాంస్యం గెలిచారు. 2001 ఆల్ ఇంగ్లండ్ సెమీఫైనల్లో డెన్మార్క్ దిగ్గజం పీటర్ గేడ్‌ను, మార్చి 11న జరిగిన ఫైనల్లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను 15-12, 15-6 తేడాతో ఓడించారు. 1980లో ప్రకాశ్ తర్వాత ఆ టైటిల్ గెలిచిన రెండో భారతీయుడు ఆయనే. గాయానికీ ఆ శిఖరానికీ మధ్య ఏడేళ్ళు గడిచాయి.

ఈ కాలరేఖను శరీరశాస్త్రంతో కలిపి చూడండి. లిగమెంట్ ముదరడానికి రెండేళ్ళదాకా పట్టవచ్చు. ఆయన తొలి జాతీయ టైటిల్ గాయమైన రెండేళ్ళకే వచ్చింది. కోలుకున్నాక మిగిలిన సత్తాను కొలిచి ఎవరూ ఆగిపోలేదు. దాని మీద కొత్త ఆటను కట్టారు.

కోచ్ మారినప్పుడు ఏం మారుతుంది?

కోచ్ మార్పు గాయపడ్డ ఆటగాడికి మేలు చేయగలదు, కీడూ చేయగలదు. రెండింటికీ కారణాలున్నాయి.

మేలు సంగతి ముందు. శరీరం కొత్త కదలికను నేర్చుకునే తీరును బోధించే మాటలే మారుస్తాయి. "మోకాలు వంచు, లోపలికి వాలనీయకు" అంటే ఆటగాడి ధ్యాస తన ఒంటి మీదికి పోతుంది. "నేలను గట్టిగా తన్ని లే, చప్పుడు కాకుండా దిగు" అంటే ధ్యాస బయటి ఫలితం మీద నిలుస్తుంది. రెండో పద్ధతిలో నేర్చుకున్న కదలిక త్వరగా ఒంటబడుతుందనీ, ఒత్తిడిలోనూ నిలుస్తుందనీ చలన శాస్త్ర ప్రయోగాలు పదేపదే చూపాయి. పాత కోచ్ కళ్ళలో "వీడు ఇంతకుముందు ఇలా గెంతేవాడు" అన్న బొమ్మ ఉంటుంది. కొత్త కోచ్‌కు ఆ బొమ్మ లేదు. ఈ రోజున్న మోకాలికి తగిన ఆట ఏదని అడిగే వీలు అతనికి ఎక్కువ. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి సైనా నెహ్వాల్ రెండుసార్లు కోచ్‌ను మార్చారు. 2014లో గోపీచంద్‌ను విడిచి బెంగళూరులో విమల్ కుమార్ దగ్గర చేరి, మరుసటి ఏడాది ప్రపంచ నంబర్ వన్ అయ్యారు. 2016 రియో ఒలింపిక్స్‌లో మోకాలి గాయంతో ఓడి ఆపరేషన్ చేయించుకున్నారు. 2017లో ప్రపంచ చాంపియన్‌షిప్ కాంస్యం గెలిచాక గోపీచంద్ దగ్గరికే తిరిగొచ్చి, 2018 కామన్వెల్త్ స్వర్ణం సాధించారు.

కీడు ఎక్కడ వస్తుందంటే, సాధన ఒక్కసారిగా పెరిగినప్పుడు. కొత్తగా వచ్చిన కోచ్‌లు తమ ముద్ర చూపాలనుకుంటారు. ఆటగాళ్ళు వారి మెప్పు కోసం నొప్పి దాచుకుంటారు. కాలేజీ క్రీడలను భారీ వ్యవస్థగా నడిపే అమెరికాలో ఇది గట్టి పాఠమే నేర్పింది.   2017 జనవరిలో ఆరెగన్ యూనివర్సిటీలో కొత్త కోచింగ్ బృందం వచ్చిన కొద్దిరోజుల్లోనే కఠిన వ్యాయామాల తర్వాత ముగ్గురు అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ళు ఆసుపత్రి పాలయ్యారు. 2019లో అక్కడి స్ట్రెంత్ కోచ్‌ల సంఘాలు మార్గదర్శకాలు విడుదల చేశాయి. విరామం తర్వాత, గాయం తర్వాత, కోచ్ మారిన తర్వాత ఉండే రోజులను ప్రమాద కాలంగా అవి గుర్తించాయి. అలాంటప్పుడు మొదటి వారం సాధనను సగానికి తగ్గించాలనీ, వారం వారం మెల్లగా పెంచాలనీ చెప్పాయి.

ఐరోపా అగ్రశ్రేణి ఫుట్‌బాల్ క్లబ్బులపై 2019లో వచ్చిన మరో అధ్యయనం ఇంకో సంగతి చెప్పింది. వైద్య బృందానికీ ప్రధాన కోచ్‌కూ మధ్య మాట సరిగా లేని క్లబ్బుల్లో గాయాల భారం ఎక్కువగా ఉంది. గాయపడ్డ ఆటగాడికి కోచ్ మార్పు వల్ల వచ్చే అసలు ముప్పు ఇదే. ఫిజియో చెప్పింది పాత కోచ్‌తోనే పోతుంది. కొత్తవారికి కాగితం చేరదు.

బాక్స్: అన్ని గాయాలూ ఒకటి కావు

2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల బ్యాడ్మింటన్ ఫైనల్లో పి.వి.సింధు ఎడమ చీలమండ దగ్గర స్ట్రెస్ ఫ్రాక్చర్ నొప్పితోనే ఆడి మిషెల్ లీని ఓడించారు. ఆ వెంటనే జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌కు వెళ్ళలేకపోయారు. 2023 జనవరిలో కోర్టులోకి వచ్చారు. ఆ తర్వాత కొరియా కోచ్ పార్క్ టే సాంగ్‌తో ఆమె అనుబంధం ముగిసింది. స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటే ఒక్క దెబ్బతో విరిగేది కాదు. రోజూ పడే చిన్న చిన్న ఒత్తిళ్ళకు ఎముకలో వచ్చే అరుగును మరమ్మతు కణాలు పూడ్చే వేగం చాలకపోతే ఏర్పడే సన్నని పగులు. ఎముకకు నెత్తురు సరఫరా ఉంటుంది కాబట్టి తగినంత విశ్రాంతి ఇస్తే చాలావరకు ఎముకగానే మానుతుంది. లిగమెంట్ గాయంలో అలా కాదు. కొత్తదాన్ని పెట్టి, అది ఒంట్లో ఎదిగేదాకా ఆగాలి.

మరి ఎంత ఆట మిగిలింది?

ఏసీఎల్ ఆపరేషన్ అయినవారి లెక్కలను 2014లో కలిపి చూసిన పెద్ద సమీక్షలో ఏదో ఒక ఆటకు తిరిగి వచ్చినవారు 81 శాతం, గాయానికి ముందున్న స్థాయికి చేరినవారు 65 శాతం, పోటీ క్రీడలకు తిరిగి వెళ్ళినవారు 55 శాతం. అంటే సగానికి పైగా వస్తున్నారు. కానీ అందరూ రావడం లేదు.

వచ్చినవారిలో మళ్ళీ తెగడం మరో సమస్య. ఆటకు తిరిగి వెళ్ళిన పాతికేళ్ళలోపువారిలో దాదాపు 23 శాతానికి అదే మోకాలో రెండో మోకాలో మళ్ళీ తెగిందని 2016 నాటి సమీక్ష తేల్చింది. అదే ఏడాది నార్వే, అమెరికా పరిశోధకులు 106 మందిని గమనించి చెప్పింది మనం గోడ మీద రాసి పెట్టుకోవాలి. తొమ్మిది నెలల వరకు, ఆటకు తిరిగి దిగడాన్ని వాయిదా వేసిన ప్రతి నెలకూ మళ్ళీ గాయపడే ముప్పు సగానికి సగం తగ్గింది. బలం, గెంతు పరీక్షల్లో నెగ్గి దిగినవారిలో 5.6 శాతం మందే తిరిగి గాయపడ్డారు. నెగ్గకుండా దిగినవారిలో 38.2 శాతం మంది గాయపడ్డారు. ఇది చిన్న అధ్యయనమే అయినా, చెప్పిన దిశ స్పష్టం.

ఈ అంకెలన్నీ కలిపి చదివితే కొత్త కోచ్ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. గాయపడ్డ ఆటగాడి సత్తా ఎంత మిగిలిందో ఆపరేషన్ కాగితం చెప్పదు. అతను ఎన్ని నెలలు ఆగాడు, ఏ పరీక్షలు నెగ్గాడు, ఎవరు ఆగనిచ్చారు అన్నవే దాన్ని తేలుస్తాయి.

చాక్‌పీసు, టేపు ఉంటే చాలు

ఈ పరీక్షలకు పెద్ద యంత్రాలే కావాలనేమీ లేదు. స్కూలు మైదానంలో చాక్‌పీసుతో గీత గీసి, ఆ గీత మీద ఒంటికాలిపై నిలబడి ఎంత దూరం గెంతగలడో టేపుతో కొలవాలి. ఒక్క గెంతు, వరుసగా మూడు గెంతులు, గీతకు అటూ ఇటూ దాటుతూ మూడు గెంతులు, ఆరు మీటర్ల దూరాన్ని ఒంటికాలిపై ఎంత వేగంగా దాటాడన్నది. ఈ నాలుగింట్లో గాయపడ్డ కాలు మంచి కాలిలో కనీసం 90 శాతం చూపాలి. దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలుతోందా అని ఎదురుగా నిలబడి చూడాలి. తొడ కండరం బలాన్ని జిమ్‌లో ఒక్కో కాలితో విడివిడిగా కొలవాలి. ఇవి ఫిజియోథెరపిస్టు సమక్షంలో చేస్తే మంచిది. ఆయన రాసిచ్చే కాగితం పాత కోచ్ చేతి నుంచి కొత్త కోచ్ చేతికి తప్పనిసరిగా చేరాలి.

గాయమే రాకుండా చూసుకోవడం ఇంకా తేలిక. ఆటకు ముందు పావుగంట నుంచి ఇరవై నిమిషాలు గెంతి మెత్తగా దిగడం, ఒంటికాలిపై నిలవడం, తొడ వెనక కండరాలకు బలం, దిశ మార్చే సాధన చేయిస్తే ఏసీఎల్ గాయాలు దాదాపు సగానికి తగ్గుతాయని పలు సమీక్షలు చెబుతున్నాయి. ఖర్చు లేదు, పరికరం లేదు. కావలసింది రోజూ చేయించే మాస్టారు.

నర్సీపట్నంలోనూ, మన్యం వైపు వెళ్ళే దారి పొడవునా ఉన్న స్కూళ్ళలోనూ పిల్లలను ఆడించే పీఈటీ మాస్టార్లకూ, కోచ్‌లకూ, తల్లిదండ్రులకూ ఒక విన్నపం. మోకాల్లో టప్పుమని చప్పుడై, కొద్ది గంటల్లో వాచిందంటే, ఎక్స్‌రే బాగున్నా సరే బెణుకని సరిపెట్టకండి. విశాఖపట్నం వెళ్ళాల్సి వచ్చినా ఎముకల డాక్టరుకు చూపించండి. ఆపరేషన్ అయితే తొమ్మిది నెలలు నిండకుండా, పరీక్షలు నెగ్గకుండా పోటీకి దించకండి. జిల్లా జట్టు ఎంపిక వచ్చే ఏడాదీ ఉంటుంది. ఆ మోకాలు మాత్రం పిల్లవాడికి జీవితాంతం కావాలి.